మామయ్య కారులో వెచ్చదనం

పోయిన సోమవారం పొద్దున మా మామయ్య చనిపోయారు. నా భర్తకు తండ్రి. గద్వాల బస్టాండు దగ్గర కిరాయి కారు నడిపేవారు.

ఆయన కారులో హీటరు ఉండేది. చలికాలం రాగానే దాని గొట్టాలు ఒక్కొక్కటీ తడిమి చూసుకునేవారు. అడ్డా మీద తోటి డ్రైవర్లు నవ్వేవారట. "ఏం కాకా, గద్వాల ఎండ సాలదా? హీటర్ గూడ గావాల్నా?" అని. "ఉన్నదాన్ని చెడగొట్టుకునుడెందుకురా" అనేవారు. ఏ వస్తువు గురించైనా ఆయన మాట అదే.

మా ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు, ఆయన ముందు కూర్చోదు. పాప పుట్టేనాటికి నా పెళ్లయి రెండేళ్లు. అయినా ఆయన నా గొంతు సరిగా విని ఉండరు. ఇంటి ముందు కారు ఆగినప్పుడల్లా ఏ మీట దేనికో అడగాలనిపించేది. అడిగేదాన్ని కాదు.

పాప నెల తక్కువలో పుట్టింది. తొమ్మిదో రోజు పాలు తాగడం మానేసింది. డాక్టరమ్మ చూసి, "కర్నూలు పెద్ద దవాఖానకు తీస్కపోండి. దారిలో మాత్రం చల్లబడనియ్యొద్దు, ప్రాణానికే ముప్పు" అన్నది. డిసెంబరు నెల, తెల్లవారుజాము, అంతా మంచు. నా భర్త నేసిన చీరలు ఇవ్వడానికి హైదరాబాదు వెళ్లి ఉన్నాడు. పాపను పొదువుకుని నేను, పక్కన అత్తమ్మ, మామయ్య కారు వెనక సీట్లో కూర్చున్నాం.

కారు కదిలీ కదలకముందే, "ఆ ఎచ్చటి గాలి ఎయ్యరాదూ!" అని అత్తమ్మ తొందరపెట్టింది.

"జర ఆగు. ఇంజన్ కాగకముందే ఫ్యాన్ తిప్పితే సల్లగాలే కొడ్తది" అన్నారు మామయ్య. వేడి చూపే ముల్లు పైకి లేచేదాకా ఊరకే నడిపి, అప్పుడు ఫ్యాను చిన్నగా తిప్పారు. కానీ ఆ వెచ్చదనం ముందు సీటు దగ్గరే ఆగిపోయింది. పాప పాదాలు చల్లబడుతున్నాయి.

ఎర్రవల్లి చౌరస్తాలో ఆయన కారు ఆపారు. "పాపను తీస్కొని ముందుకు రా బిడ్డా."

నేను కదల్లేదు. "మామ పక్కన కూసుంటదా? సూసినోళ్లేమంటరు?" అన్నది అత్తమ్మ.

"సూసేటోళ్లకు సలివెడ్తే ఆళ్లను గూడ ఎక్కమను."

కొంగు తల మీదికి లాక్కుని ముందు కూర్చున్నాను. కాళ్ల దగ్గర నుంచి వెచ్చటి గాలి తగిలింది. అంత భయంలోనూ నా నోరు ఆగలేదు. పాపతో అన్నాను, "మీ తాతనడుగు బిడ్డా, గీ ఎచ్చ యాడికెల్లి వస్తుంది? డీజిల్ ఎక్కువ కాలదా?"

ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా పాపకే జవాబిచ్చారు. "మీ అమ్మకు జెప్పు. ఇంజన్‌ను సల్లవర్చే నీళ్లుంటయి, అవి కాగుతయి. ఎట్లైనా బయటికి పోయే ఎచ్చనే అది. గా నీళ్లను గీ డబ్బాలోకి మలిపి గాలి తాకిస్తరు. డీజిల్ అలగ్ ఖర్చేం లేదు."

"మరి అద్దానికి లోపల్నుంచి మసక ఎందుకు పట్టిందో అడుగు."

"మన ఊపిరే. అన్ని మూసుకుంటే జల్ది ఎచ్చగైతది, గంతే జల్ది మసక పడ్తది. బయటి గాలి తీస్కునే మీట ఇరిగింది. నా దిక్కు అద్దం జర దించుత. ఫికర్ జెయ్యకు."

"పుట్టి తొమ్మిది దినాలు, అప్పుడే దానికి కారు నేర్పుతుండ్రు" అన్నది అత్తమ్మ వెనక నుంచి. మానవపాడు దాటినా నా ప్రశ్నలు అయిపోలేదు. ఒక్కదానికీ ఆయన విసుక్కోలేదు.

కర్నూలులో నర్సు పాప పాదాలు పట్టి చూసింది. "వెచ్చగానే ఉండాది" అని లోపలికి తీసుకుపోయింది. పాప మాకు దక్కింది. ఈ ఏడు బడికి పోతోంది.

ఆ పొద్దున నేను బయటికొచ్చేసరికి మామయ్య ఎండ పడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. దారి పొడవునా దించిన అద్దంలోంచి చలిగాలి అంతా ఆయన మీదికే కొట్టింది. కుడివైపు మీసం తడిసి ఉంది, ఎడమవైపు పొడిగా ఉంది. నేను టీ తెచ్చి ఇచ్చాను. మా మధ్య మాట మోయడానికి పాప లేదు. ఆయన వెంటనే తాగలేదు. ఆ వేడి గ్లాసును ఎర్రబడిన కుడిచెవికి ఆనించుకుని, కాసేపు కళ్లు మూసుకున్నారు.