ఎవరూ తీసుకెళ్ళని రిపోర్టు

పెద్దాసుపత్రి క్యాన్సరు విభాగంలో, రికార్డుల గదిలో ఆమె ఇరవై రెండేళ్ళుగా గుమస్తా. అందరూ గడియారమక్క అంటారు. ఆవిడ గొడుగు చేతికి తీసుకుందంటే ఐదైనట్టే, గోడవైపు చూడనక్కర్లేదు. పనిలో వంక పెట్టడానికి లేదు. అలాగని చెప్పినదానికి మించి ఒక్క కాగితం కదిపిన మనిషీ కాదు.

నగరం చివరి పేటల్లో చిన్న ఆసుపత్రులున్నాయి. అక్కడ ఎవరికైనా గడ్డ కనబడితే ముక్క తీసి పరీక్షకు ఇక్కడికి పంపుతారు. ఫలితం కోసం మాత్రం మనిషి రెండు బస్సులు మారి ఇక్కడికే రావాలి. అదీ పదికీ ఒంటిగంటకీ మధ్య, కిటికీ తెరిచి ఉన్నప్పుడే. రానివాళ్ళ రిపోర్టులు నెల రోజులు గడియారమక్క బల్లమీద ట్రేలో పడి ఉంటాయి. ఆ తర్వాత బీరువాలోకి పోతాయి.

ఒక సోమవారం ట్రేలో ఇంకేదో వెతుకుతుంటే ఒక కాగితం మీద ఆమె కన్ను పడింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆడమనిషి, కుట్టుపని, రొమ్ములో గడ్డ. డాక్టర్ల రాత చదివీ చదివీ ఆమెకు కొంత పట్టుబడింది. అది క్యాన్సరే. గడ్డ ఇంకా చిన్నదేనని, చంకలో ఏమీ తగల్లేదని పేట డాక్టరు రాసిన చీటీ కూడా దానికే గుచ్చి ఉంది. త్వరగా తీసేస్తే బతికి బట్టకట్టే మనిషి. తేదీ చూసింది. రిపోర్టు వచ్చి ఇరవై మూడు రోజులైంది.

ఫోను చేస్తే ఎవరో డ్రైవరు ఎత్తి రాంగ్ నంబరన్నాడు. రాసేటప్పుడు ఒక అంకె తప్పిపోయి ఉంటుంది. అది ఏ అంకో ఎలా తెలుస్తుంది? పెద్ద గుమస్తాను అడిగింది. కాగితం భద్రంగా ఉంచడమే మన పని, వాళ్ళకు లేని తొందర మనకెందుకమ్మా అన్నాడాయన. చెడ్డవాడు కాదు. నిన్నటిదాకా ఆమె అనుకున్నదీ అదే. కాని ఆ మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ పెట్టేసింది.

మర్నాడు సెలవు చీటీ పెట్టి బస్సెక్కింది. పేట ఆసుపత్రి నర్సుకు ఆ మనిషి గుర్తుంది. కాలవ పక్కన కుట్టు షెడ్డులో చేస్తుందని చెప్పింది. షెడ్డు మేస్త్రీ లోపలికి రానివ్వలేదు. మిషన్ల హోరు వింటూ గేటు బయట రెండు గంటలు నిలబడింది. భోజనాల గంట కొట్టాక ఆడవాళ్ళు బయటికి వచ్చారు. గడియారమక్క కాగితం మీది పేరు పెట్టి పిలిస్తే, మెడలో టేపు వేసుకున్న బక్కపలచని మనిషి వెనక్కి తిరిగింది. పెద్దాసుపత్రి నుంచి వచ్చాను, నీ రిపోర్టు ఇంకా అక్కడే ఉందంది గడియారమక్క.

"రెండుసార్లు వచ్చానక్కా. వచ్చేసరికి కిటికీ మూసేశారు. ఏమైనా ఉంటే ఫోను చేస్తారుగా అనుకున్నాను. చెయ్యలేదు, ఇక ఏమీ లేదులే అని ఊరుకున్నాను."

గడియారమక్క చూపు తిప్పుకుంది. ఫలితం డాక్టరే చెప్పాలి, గుమస్తా చెప్పకూడదు. కుట్టుమనిషి ఆ మొహం వంక చూసింది.

"చెడ్డదేనా?"

"నేను చెప్పకూడదమ్మా. రేపు నువ్వు రావాలి."

ఆర్డరు పది రోజుల్లో ముగుస్తుంది, మధ్యలో మానేస్తే మేస్త్రీ మళ్ళీ రానివ్వడు, అయ్యాక వస్తానంది కుట్టుమనిషి. పది రోజుల్లో కొంప మునిగిపోతుందా అని కూడా అంది. అనేటప్పుడు ఆమె వేళ్ళు టేపును చుట్టడం, విప్పడం చేస్తూనే ఉన్నాయి.

"మునుగుతుందో లేదో నాకు తెలీదు," అంది గడియారమక్క. "ఆ కాగితం ఇరవై మూడు రోజులు నా బల్లమీదే ఉంది. రోజూ దాని పక్కనే కూర్చుని తిన్నాను. అది నా తప్పు. ఇంకొక్క రోజు కూడా దాన్ని అక్కడ చూడలేను."

కుట్టుమనిషి వస్తానూ అనలేదు, రాననీ అనలేదు. మళ్ళీ గంట కొడితే లోపలికి వెళ్ళిపోయింది.

బుధవారం పది నుంచీ గడియారమక్క కళ్ళు కిటికీ దగ్గరే. పదకొండైంది. పన్నెండున్నరైంది. లైను పలచబడింది. ఒంటిగంటకు పెద్ద గుమస్తా షట్టరు మీద చెయ్యి వేస్తే, ఆగమంది. ఆయన వింతగా చూశాడు, కాని ఆగాడు. ఒంటిగంటా పదికి కుట్టుమనిషి వచ్చింది, రొప్పుతూ. బస్సు దారిలో చెడిపోతే మిగతా దూరం నడిచిందట. అప్పటికే, ఫలితాలు చెప్పే సర్జనమ్మ లిఫ్టు దాకా వెళ్ళిపోయింది. గడియారమక్క జీవితంలో మొదటిసారి ఆసుపత్రి వరండాలో పరుగెత్తింది. సర్జనమ్మ రిపోర్టు నిలబడే చదివింది. వెనక్కి వచ్చి, కుట్టుమనిషికి కుర్చీ చూపించి, తలుపు వేసింది.

ఆ బుధవారం నుంచి పదకొండో రోజున ఆపరేషను జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసింది. ఆ తర్వాత ఆరుసార్లు మందు ఎక్కించారు. కుట్టుమనిషి జుట్టు రాలింది, అనుకున్నట్టే మేస్త్రీ మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. ఒళ్ళు కుదుటపడ్డాక ఆమె మరో షెడ్డులో చేరింది.

కాని గడియారమక్కకు నిద్ర పట్టనిది ఆ బీరువా. సర్జనమ్మను వెంటబెట్టుకుని తెరిపించింది. రెండేళ్ళలో ఎవరూ తీసుకెళ్ళని రిపోర్టులు నలభై ఒకటి. అందులో తొమ్మిది క్యాన్సరువి. ఈసారి ఫోన్లు పెద్ద గుమస్తానే చేశాడు, ఎవరూ చెప్పకుండానే. ఏడుగురు దొరికారు, వైద్యం మొదలైంది. ఒకరి జాడ తెలియలేదు. ఇంకొకరి ఇంటికి గడియారమక్కే వెళ్ళింది.

ఆ మనిషి పోయి నాలుగు నెలలైంది. ఆమె భర్త, తాపీపనివాడు, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎప్పుడొచ్చిందమ్మా అని అడిగాడు. నిన్ననో మొన్ననో అని తప్పించుకోవచ్చు. గడియారమక్క అసలు తేదీ చెప్పింది. తిడతాడనుకుంది. తిట్టినా పడదామనుకుంది. అతను లేచి గ్లాసుడు నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ నీళ్ళు తాగడం తనకెంత కష్టమైందో ఆమె తర్వాత ఒక్క సర్జనమ్మకే చెప్పింది.

ఆ తేదీతో సహా అన్నీ రాసి ఇద్దరూ కలిసి పై అధికారులకు అర్జీ పెట్టారు. ఎనిమిది నెలలు తిరిగారు. ఇప్పుడు ప్రతి మంగళవారం రిపోర్టులే పేటలకు వెళ్తున్నాయి. వాటితో ఒక డాక్టరు వెళ్తారు, పక్క సీట్లో గడియారమక్క. ఆ రోజుల్లో ఆమె ఇంటికి చేరేసరికి ఏ ఏడో ఎనిమిదో అవుతుంది.