అత్త కీ ఇచ్చిన జపాన్ వాచీ

మా మేనత్త చనిపోయిందని పోయిన నెల సైనిక్‌పురి నుంచి మామయ్య ఫోన్ చేశాడు. పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. ఏ తక్లీఫ్ లేకుండా పోయిందని ఆయన పదేపదే చెప్పాడు, నన్ను ఓదార్చడానికో తనను తాను ఓదార్చుకోవడానికో.

అత్త రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైంది. నగల మీద ఆమెకు పెద్దగా మనసుండేది కాదు, వాచీలంటే మాత్రం ప్రాణం. బీరువాలో ఒక అర నిండా మెత్తటి గుడ్డల్లో చుట్టిన వాచీలుండేవి. అన్నిటిలోకీ ఆమెకు ముద్దు ఒక జపాన్ వాచీ. మీగడ రంగు డయలు, కొద్దిగా ఉబ్బిన అద్దం, సూదుల్లాంటి సన్నని ముళ్లు. చూస్తే తాతల కాలంనాటిదనుకుంటాం. కానీ చేసింది ఈమధ్యే. ఆ కంపెనీ తన పాత నమూనానే ముందు పెట్టుకుని మళ్లీ కొత్తగా చేసిందట. బ్యాటరీ ఉండదు. పక్కనున్న చిన్న బుడిపెను వేళ్లతో తిప్పి రోజూ కీ ఇవ్వాలి. నేను వెళ్లినప్పుడల్లా దాన్ని వెలుతురుకు వంచి, అంచుల దగ్గర మీగడ రంగు తేనెరంగులోకి దిగడం చూడమనేది. చూశానన్నా మళ్లీ చూడమనేది.

ఒకసారి సికింద్రాబాద్‌లో వాచీలు సేకరించేవాళ్లు కలుసుకునే చోటికి నన్ను తోడు తీసుకెళ్లింది. ఆడవాళ్లం మేమిద్దరమే. ఒక పెద్దమనిషి ఆమె వాచీ చూసి, ఇది అసలు పాతది కాదు, పాతదానికి నకలు అన్నాడు. నలుగురు నవ్వారు. అత్తకు కోపం రాలేదు.

"మా అమ్మ చేసే పచ్చిపులుసు నేను చేస్తే నకలంటరా సార్? వీళ్లు వాళ్ల పెద్దల పనే మళ్ల నేర్చుకున్నరు."

ఆయన వాచీ అడిగి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు తిరిగివ్వలేదు. ఆ రోజు ఆమె పక్కన నడుస్తుంటే నేను కాస్త ఎత్తు పెరిగినట్టనిపించింది.

ఆ మరుసటి ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లకు పని చెప్పమని డాక్టర్ రబ్బరు బంతి ఇచ్చాడు. అత్త దాన్ని పక్కన పడేసి వాచీ తెమ్మంది. ఎడమచేత్తో వాచీ పట్టుకుని, కుడి బొటనవేలూ చూపుడువేలూ బుడిపె మీదికి తెచ్చుకునేది. అవి జారిపోయేవి. ఆమెకు చెమటలు పట్టేవి. మామయ్య ఉండబట్టలేక తాను తిప్పుతానంటే ఒప్పుకోలేదు.

"బ్యాటరీదైతే దానంతటదే నడుస్తుండె. ఇది నేను ముట్టుకుంటెనే నడుస్తది. అప్పటిదాంక ఆగనియ్యి."

నెలలపాటు వాచీ ఆగే ఉంది. ఓ వానాకాలం ఉదయం నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉంది. పలకరించబోతే ఆగమని కళ్లతోనే సైగ చేసింది. బుడిపె ఒక్క పిసరు తిరిగి కిర్రుమంది. మళ్లీ తిరిగింది. ఇంకోసారి. సన్నని ముల్లు కదిలింది. నా కేక విని మామయ్య వంటింట్లోంచి వచ్చాడు. అత్త వాచీని బోర్లించి, వెనక అద్దంలోంచి లోపల ఊగుతున్న చక్రాన్ని మాకు చూపించింది. ఏడ్చింది మేమిద్దరమే.

సంతకం మాత్రం మునుపటిలా కుదరలేదు. అన్నం చెంచాతోనే తినేది. అయినా కీ ఇచ్చే పని ఒక్కనాడూ ఇంకొకరికి వదల్లేదు.

పోయే ముందు వారం సీతాఫల్‌మండిలో మా ఇంటికి వచ్చింది. సాయంత్రం ఆటో ఎక్కించడానికి మెయిన్ రోడ్డు దాకా వెళ్లాను. నేను చెయ్యి ఎత్తబోతే "నువ్వుండు" అంది. ఆమె కుడిచెయ్యి మెల్లగా లేచింది. భుజం దాటి, పక్షవాతం వచ్చాక ఎన్నడూ లేవనంత పైకి వెళ్లింది. ఆటో వచ్చి మా ముందు ఆగింది. ఎక్కడికమ్మా అని డ్రైవర్ అడుగుతున్నాడు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. అత్త మాత్రం ఆ చెయ్యి దించలేదు. ఏటవాలు ఎండలో దాన్ని అలాగే ఎత్తిపట్టుకుని, దానివైపే చూస్తూ నిలబడింది.