చెయ్యి వెనక్కి తీసుకోని మనిషి

డెబ్భైల మొదట్లో ఒకసారి, బెజవాడ స్టేషన్ వెయిటింగ్ రూములో, ఒళ్ళు పట్టే మనిషొకడు నూనె సీసాల సంచితో వచ్చి నేనూ అమ్మా కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నాడు. పాతబడ్డ నువ్వుల నూనె, వెల్లుల్లి కలిసిన వాసనకి నేను ముక్కు మూసుకున్నాను. అతని గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు.

మా అమ్మకు అప్పటికి అరవై దాటాయి. నెలల తరబడి విడవని దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. మర్దన చేయించుకుంటే సత్తువ వచ్చి, జబ్బులు దరిచేరవని ఎవరో చెప్పారట. నేను వద్దంటున్నా వినలేదు.

"పది రోజులు రుద్దితే తగ్గుతుందా నాయనా?" అని అతన్ని అడిగింది.

ఆ చేతులు అమ్మ మెడ తడుముతుంటే మొహం తిప్పుకున్నాను. అంతలో అమ్మకు దగ్గు తెర వచ్చింది. నేను రుమాలు తీసేలోపే అతను దోసిలి పట్టాడు. నెత్తురు చారలున్న కఫం అందులో పడింది. నేను లేచి దూరంగా జరిగాను. అతను చెయ్యి తీయలేదు.

"ఇది నా వల్లయ్యే పని కాదండి," అన్నాడు నాతో. "నూనె పెడితే ఒళ్ళు తేలికపడుద్ది, నిద్ర పడుద్ది. జబ్బు మాత్రం ఆగదు. ఆగేదైతే మా ఆవిడ బతికుండేది. ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి."

చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో క్షయ అన్నారు. ఏడాదిన్నర మందులు వాడాక అమ్మ తేరుకుంది. అన్నాళ్ళూ అమ్మ ఉమ్మి గిన్నె నేనే కడిగాను. కడిగిన ప్రతిసారీ డోకు వచ్చేది. అయినా దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.