సీసాలో చెరకాకు

సాగరు కాలవలు ఇంకా రాని రోజులు. అచ్చంపేట దగ్గర కృష్ణ ఒడ్డున మాకు ఎకరన్నర చెరకు తోట ఉండేది. ఆయిలింజనుతో ఏటి నీళ్ళు తోడి పెంచేవాళ్ళం. నేను కాపురానికొచ్చిన రెండో ఏడు దానికి దోమ పట్టింది. ఎండుగడ్డి రంగు రెక్కలు, పొడుచుకొచ్చిన ముక్కు. అడుగు పెడితే గుంపులుగా లేచేవి. ఆకులు జిగటగా తయారై, ఆ జిగట మీద మసి కమ్మింది.

కబురు పెడితే వ్యవసాయ శాఖ ఆఫీసరు వచ్చాడు. పురుగుల పొడి చల్లమంటాడనుకున్నాం. అతను ఆకుల అడుగున తెల్లటి నూగులో దాగిన గుడ్లను భూతద్దంతో చూసి, "పొడి వద్దమ్మా. ఈ నల్లబడ్డ గుడ్లలో ఉన్నవి చిన్న కందిరీగలు. దోమ గుడ్డులోనే పుట్టి దాన్ని తినేస్తాయి. పొడి చల్లితే ఇవీ చస్తాయి," అని మా అత్తతో చెప్పాడు. అలాంటి గుడ్లున్న ఆకులు వేరే ఊరి నుంచి తెచ్చి మా తోటలో కడతానన్నాడు.

అతను వెళ్ళాక మా అత్త, "ఉన్న పురుగులు చాలవని ఇంకో ఊరియ్యి తెచ్చి కడతాడంట. ఎవురో ఎక్కిచ్చారే అమ్మాయ్," అంది. ఆమె అనుమానం పక్క చేను వాళ్ళ మీద. వాళ్ళతో మాకు గట్టు తగాదా ఉంది. మా తోటకు రాకముందు ఆఫీసరు వాళ్ళ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. నాకూ నమ్మకం కుదరలేదు. కంటికి ఆనని గుడ్డులో ఏముందని చెప్పినా మేం కాదనగలమా?

నిజమేంటో చూద్దామని, తెల్లవీ నల్లవీ గుడ్లున్న ఆకుముక్కలు ఖాళీ మందుసీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, గూట్లో పెట్టాను. నాలుగైదు రోజులకు తెల్ల గుడ్లలోంచి తోకలున్న దోమపిల్లలు వచ్చాయి. నల్ల గుడ్లకు సూదితో పొడిచినట్టు చిల్లులు పడి, నలుసుల్లాంటి ఈగలు పైకి పాకాయి. అత్తకు చూపించాను.

"ఇయ్యి రేపు చెరుకు తినవని ఆయనేమన్నా కాయితం రాసిచ్చాడా?" అంది.

ఆ సాయంత్రమే మా ఆయన జుట్టంతా తెల్లగా చేసుకుని వచ్చాడు.

"తలమీద ఆ తెలుపేంది?"

"సున్నం," అన్నాడు. సున్నానికి ఆ ఘాటు వాసన ఉండదు. గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు. ఏటి వైపు సగం తోటకు పొడి చల్లాడు. "సీసాకేసి చూస్తా కూర్చుంటే తోట ఆగుద్దా?" అన్నాడు. పొడి కన్నా ఆ అబద్ధమే నన్ను బాధపెట్టింది.

మూడో నాటికి పొడి చల్లిన వైపు ఒక్క దోమ లేదు. ఆఫీసరు మమ్మల్ని మోసం చేశాడనే అనుకున్నాను. నెల తిరిగేసరికి అదే వైపు దోమ మళ్ళీ ముసిరింది. పొడి చల్లని రెండో వైపు దోమ పలచబడింది, ఏ ఆకు తిప్పినా చిల్లులు పడ్డ గుడ్లే. ఆఫీసరు వచ్చి రెండు వైపులా చూసి, తెచ్చిన ఆకుముక్కల్ని ఏటి వైపు చెరకుకు దారంతో కట్టి వెళ్ళాడు.

దోమ పట్టిన తోట కదా, ఆ ఏడు బెల్లం నల్లగానే వచ్చింది. మరుసటేడు మా ఆయన పొడి తేలేదు. మా అత్త మాత్రం, "నిరుడు కురిసిన వానకి పోయింది దోమ. కందిరీగలంట," అనేది. ఆ వాన ఏటి వైపు ఎందుకు పని చేయలేదో అనుకుంటూ నా పనిలో పడేదాన్ని.