తమ్ముడి కారు కదులుతుందనే రుజువు

నేను పాస్‌పోర్ట్ ఫోటోల మనిషిని. చిట్యాలలో హైవే పక్కన మాకో చిన్న స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు మా ఆయన చూసుకుంటాడు. స్టూలు మీద కూర్చునేవాళ్ళంతా నా వాటా. ఇన్నేళ్ళలో నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట ఏదంటే "కదలొద్దు". గడ్డం పైకి, భుజాలు సమంగా, కదలొద్దు. ఒక పెద్దాయన తుమ్మబోతుంటే "ఆగు, అయిపోతాంది" అని గదమాయించి ఆ తుమ్మును కూడా ఆపించిన దాన్ని. అలాంటి నన్ను పట్టుకుని మా తమ్ముడు, పరుగెత్తే కారుకు ఫోటో తియ్యమన్నాడు.

తమ్ముడు హైవే మీద ఒక షెడ్డులో మెకానిక్. మర్రిగూడ దగ్గర మా ఊళ్ళో బాపుకు గొర్రెల మంద ఉంది. తన తర్వాత మంద వెనక కొడుకు నడుస్తాడని బాపు ఆశ. వీడేమో ఒక పాత కారు తెచ్చి, డ్రైవర్ సీటు తప్ప మిగతా సీట్లన్నీ పీకేసి, లోపల ఇనుప పైపులు బిగించి, మట్టి ట్రాక్ మీద పందాలకు దిగాడు. ఆ రోజు నుంచి బాపు వాడితో మాట్లాడటం మానేశాడు. వాడు ఇంటి ముందు బండి దిగితే చాలు, బాపు కర్ర తీసుకుని మందను అటు తోలుకుపోయేవాడు. ఇట్లా ఏడాది దాటింది.

"ఆ డబ్బా నడుస్తదా అసలు? నలుగురు దొబ్బితే పోతదేమో," అనేవాడు బాపు నాతో. ట్రాక్ దగ్గరికి రమ్మంటే, "నేనొస్తే గొర్లను నువ్వు కాస్తవా?" అనేవాడు. ఫోనులో వీడియో చూపించాను. ఆయన కళ్ళకు అంత చిన్న తెర మీద దుమ్ము తప్ప ఏమీ ఆనలేదు. "ఫోన్లల్ల పులులు గూడ మాట్లాడుతయ్," అని ఫోను నా చేతిలో పెట్టేశాడు.

"అక్కా, మంచిగ పెద్ద ఫోటో ఒక్కటి తియ్యి. నా బండి ఉరుకుతుంటే బాపు సూడాలె. సూస్తెనన్న నాతోని మాట్లాడుతడు," అన్నాడు తమ్ముడు. ఇరవై ఏడేళ్ళు వాడికి. ఎవడితోనైనా ఎదురు నిలబడి మాట్లాడేవాడు, ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం నేల చూశాడు. సరే తీస్తాను పో అన్నాను.

పందెం రోజే మా ఆయనకు పెళ్ళి ఆర్డర్ ఉంది. రెండో కెమెరా నా మెడలో వేసి, "షట్టర్ స్పీడు వెయ్యి మీద పెట్టిన. నొక్కుడే నీ పని," అని తన దారిన తాను పోయాడు. ట్రాక్ అంటే పెద్ద హంగామా ఏమీ లేదు. బీడు జాగాలో ఎర్రమట్టి చదును చేసి, మలుపుల్లో పాత టైర్లు పేర్చారు. నేను టైర్ల వెనక నిలబడ్డాను. మొదటి కారు గాండ్రించుకుంటూ మీదికి వచ్చేసరికి, చెప్పడానికి సిగ్గేస్తోంది, "ఒక్క నిమిషం, కదలొద్దు!" అని అరిచాను.

పక్కన జెండా పట్టుకున్నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మా, జర గట్టిగ చెప్పున్రి, ఆయనకు ఇనవడలే."

మొదట తీసినవాటిలో ఒకదాంట్లో ఆకాశం, ఒకదాంట్లో దుమ్ము, ఇంకోదాంట్లో జెండా ఆయన మోచేయి పడ్డాయి. నా చేతకానితనానికి నాకే ఒళ్ళు మండింది. పందెం సగం అయ్యాక గానీ చెయ్యి కుదురుకోలేదు. చివరికి తమ్ముడి కారు మలుపులో మొత్తానికి మొత్తం దొరికింది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే చక్రాల బోల్టులు లెక్కపెట్టొచ్చు. ఆ ఫోటోను పెద్దగా వేయించి, లామినేషన్ చేయించి, పెళ్ళిచూపులకు పోతున్నంత సంబరంగా బస్సెక్కాను.

బాపు ఫోటోను చేయి చాపినంత దూరం పట్టుకుని చూశాడు. "నిలవెట్టి తీసినవ్," అన్నాడు.

"ఉరుకుతాంది బాపూ!"

"చక్రం సూడు. ఉరికే చక్రానికి బోల్టులు కనవడ్తయా?"

చూశాను. ముసలాయన చెప్పింది నిజమే. గంటకు ఎంత వేగంతో పోతున్న బండినో నేను షెడ్డు ముందు పార్కింగ్ చేసినట్టు తీసిపెట్టాను.

"మనూరి ముసలవ్వను కాశ్మీర్ల నిలవెట్టి తియ్యలేదా నువ్వు? సుట్టూత మంచు, అవ్వ కాళ్ళకు చెప్పుల్లెవ్వు. ఆ పరదా లెక్క గీ దుమ్ము గూడ ఎనక కట్టినవా? అక్కాతమ్ముళ్ళు కూడి నన్ను ఎడ్డోణ్ణి చేస్తున్నరా?"

కాశ్మీరు పరదా మా స్టూడియోకు ప్రాణం. దాని ముందు నిలబడటానికి మునుగోడు నుంచి కూడా వస్తారు. దాన్ని అంటాడా! పైగా ఇన్నాళ్ళు తమ్ముడొక్కడే దొంగ, ఇప్పుడు నేనూ దొంగనయ్యాను. వడ్డించిన అన్నం ముట్టకుండా లేచి వచ్చేశాను. సగం దారిలో ఆకలికి కళ్ళు తిరిగి, బస్సు ఆగినచోట నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాను. అయినా కోపం తగ్గలేదు.

ఆ రోజు మా ఆయన ఫోటో చూసి తల గోక్కున్నాడు. "నువ్వు దాన్ని మరీ గట్టిగ ఆపినవే. షట్టర్ అరవైకి దించు. బండి ఎంబడే కెమెరా తిప్పుకుంట నొక్కు. బండి మంచిగ కనవడ్తది, ఎనక నేలంత గీతలు గీతలు అయితది. అప్పుడు ఉరికినట్టు ఉంటది."

మాటల్లో ఎంత సులువు! మర్నాడు పొద్దున్నే హైవే పక్కన కెమెరా పెట్టుకుని నిలబడ్డాను. విజయవాడ పోయే బండ్లన్నీ ఇటే గదా, కావలసినంత సాధన చేసుకోవచ్చని. అయితే నన్ను చూడగానే బండ్లన్నీ మెల్లగయ్యాయి. చేతులకు వేలాడే హెల్మెట్లు నెత్తి మీదికి ఎక్కాయి. ఒక ఆటో ఆగి, డ్రైవర్ పక్కన కూర్చున్న ఇద్దరిని దించేసింది. ముగ్గురెక్కిన ఒక బైకు అటునుంచి అటే తిరిగి పోయింది. లారీ డ్రైవర్ ఒకాయన కిందికి వంగి, "మేడమ్, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి," అని దండం పెట్టాడు. నేను స్పీడు చూసే పోలీసుననుకున్నారు! మూడు రోజులు నిలబడ్డా నా ముందు నుంచి గట్టిగా పోయిన బండి ఒక్కటీ లేదు. నాలుగో రోజు నిజం పోలీసాయనే వచ్చాడు. తిడతాడేమోనని కెమెరా కొంగు చాటున పెట్టుకున్నాను. ఆయన మాత్రం, "రోజు గిట్లనే నిలవడరాదమ్మా, మాకు జర పని తప్పుతది," అన్నాడు.

ఇక లాభం లేదని మళ్ళీ మా ఊరికే పోయాను. మా మంద కుక్కకు ఎవరినీ చూసి మెల్లగయ్యే అలవాటు లేదు. అది గొర్రెల చుట్టూ పరుగెత్తుతుంటే నేను మెడ తిప్పి, నడుం వంచి, కిందా మీదా పడి తీస్తున్నాను. ఒకదాంట్లో తోక, ఒకదాంట్లో తలకాయ. బాపు కర్ర ఆనుకుని చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక దగ్గరికి వచ్చాడు.

"మెడ తిప్పుతవేందే? మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ళు తాగిన మెడ నాది, అది తిరుగుడు బందువెట్టి పదేండ్లాయె. అయినా మందల ఒక్క పిల్లనన్న తప్పిపోనిచ్చిన్నా? కాళ్ళు పాతు. నడుము కాడికెల్లి తిరుగు. అది పోయినంక గూడ నువ్వు ఆగకు, తిరుగుతనే ఉండు."

నా వెనక నిలబడి, రెండు భుజాలు పట్టుకుని, కుక్క పరుగెత్తుతుంటే నన్ను దానితో పాటు తిప్పాడు. నొక్కాను. కుక్క కుక్కలా ఉంది, వెనక ముళ్ళకంప మొత్తం గీతలైపోయింది. బాపు ఆ ఫోటో చూసి, "ఇగో, గిది ఉరుకుడంటే," అని నవ్వాడు. ఇదంతా దేనికో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు మాత్రం కడుపు నిండా తిని వచ్చాను.

మూడు నెలలకు మళ్ళీ పందెం వచ్చింది. ఈసారి నేను అరవలేదు. కాళ్ళు పాతాను, నడుము నుంచి తిరిగాను, కారు పోయాక కూడా తిరుగుతూనే ఉన్నాను. పక్కవాళ్ళు నాకేదో పూనకం వచ్చిందనుకుని జరిగి నిలబడ్డారు. లెక్కలేనన్ని చెడిపోయాయి, ఒక్కటి కుదిరింది. కారు, దాని మీద నంబరు, లోపల హెల్మెట్ స్పష్టంగా ఉన్నాయి. చక్రాలు సున్నాల్లా తిరిగిపోతున్నాయి, కింద నేల మొత్తం ఎర్రటి గీతలు. నా ఫోటోను నేనే ముద్దు పెట్టుకున్నాను. పందెంలో తమ్ముడు ఐదోవాడుగా వచ్చాడు. ఆ సంగతి ఫోటోలో కనబడదు కాబట్టి మేమెవరం ఎత్తలేదు.

"ఈసారి గూడ మాట్లాడకపోతే ఇగ అడగనక్కా," అన్నాడు వాడు నన్ను బస్సెక్కిస్తూ.

బాపు ఫోటో తీసుకున్నాడు. చక్రాల మీద వేలు పెట్టి బోల్టుల కోసం వెతికాడు. లేవు. ఫోటోను పట్టుకునే మెల్లగా మంచం మీద కూర్చున్నాడు.

"లోపల ఉన్నది వాడేనా?"

"వాడే బాపూ."

"గింత జోరా?"

"గింతేంది, సక్కటి దారిల ఇంకా జోరు!" అన్నాను. గెలిచానన్న పొగరు నాది. ఆయన ఫోటోను మంచం మీద బోర్లా పెట్టేశాడని ఆ తర్వాత చూశాను.

"వానికి ఫోన్ గలుపు," అన్నాడు.

కలిపి చేతికిచ్చాను. అటునుంచి తమ్ముడి గొంతు నాక్కూడా వినబడుతోంది. "అక్కా, ఏమన్నడే?"

"నేను," అన్నాడు బాపు.

అటు ఏదో పానా కింద పడ్డ చప్పుడు.

"బెల్టు పెట్టుకుంటున్నవారా?"

"పెట్టుకుంటున్న బాపూ."

"గట్టిగ పెట్టుకో. మలుపుల కాడ జర మెల్లగ పో బిడ్డా." మళ్ళీ తనే, "తిన్నవా?" అన్నాడు.

తమ్ముడు తిన్నాననే చెప్పి ఉంటాడు. ఏడుపులో నాకు సరిగ్గా అర్థం కాలేదు. బాపు ఫోను నాకిచ్చేసి కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఈ మూడు నెలల్లో హైవే మీద, కుక్క వెనక పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చాయి.

"గిదేదో మొదటి ఫోటోకే నమ్మితే నీ సొమ్మేం పోయేది? నన్ను ఎంత పరేషాన్ చేసినవ్!" అని అరిచాను.

"వాని బండి ఉరుకుతదని నాకెర్కలేదా బిడ్డా," అన్నాడు బాపు. "నిలవడ్డదనుకుంటెనే ఇన్నొద్దులు నాకు నిద్రవట్టింది."