ఆ గంటలో రక్తం ఇచ్చినవాళ్ళు

చోడవరం కాంప్లెక్సులో విశాఖ బస్సు కోసం నిలబడి ఉండగా మా సారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. గుండెపోటు. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకపోయిందట. వచ్చిన బస్సు ఎక్కకుండా వాళ్ళింటికి నడిచాను. ఏడుపు రాలేదు.

అక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆయన కంప్యూటర్లు రిపేరు చేస్తారనుకుంటున్నారు. నిజానికి విశాఖలో ఒక ఆస్పత్రి సమాచారమంతా భద్రంగా ఉంచే పని ఆయనది. నేను ఆయన కింద ఏడేళ్ళు పనిచేశాను. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. దిగేముందు, చేతిలో సంచి లేని రోజు కూడా, సీటు కింద వంగి చూసుకునేవారు.

స్నాప్‌షాట్ అంటే ఏమిటో ఆయనే నేర్పారు. నిల్వలో ఉన్న సమాచారం ఒక క్షణాన ఎలా ఉందో అలాగే పట్టి ఉంచడం. ఏదైనా పాడైతే ఆ క్షణానికి తిరిగి వెళ్ళొచ్చు. నాకు మహా ధైర్యం వచ్చేసింది. ఆయనకు అంత నమ్మకం లేదు. "డిస్కు పోతే స్నాప్‌షాటూ పోతాది. ఇత్తనం సెరుకు అదే మడిలో ఉంచితే ముంపుకి పంటా, ఇత్తనం రెండూ పోవేటి?" అని రోజూ ఒక కాపీ వేరే భవనానికి పంపించేవారు. ప్రతి శనివారం పాత కాపీ ఒకటి నా చేత తెరిపించేవారు. "కాపీ తీసేనని సెప్పకమ్మా, తెరిచి సూపించు."

చేరిన ఏడాదిలోపే ఒక ఘనకార్యం చేశాను. కొత్త ప్రోగ్రాము పరీక్షించడానికి స్నాప్‌షాట్ నుంచి నకలు తీసి, పరీక్షించేవాళ్ళకు తెలియకుండా అందులో రోగుల పేర్లు చెరిపేయాలి. నకలనుకుని అసలుదాంట్లోనే చెరిపేశాను. అప్పుడు టైము పదకొండు. చివరి స్నాప్‌షాట్ పదింటిది. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

"మొత్తం పదింటికి తిప్పేద్దాం సార్. రెండు నిమిషాల పని, ఎవరికీ తెలీదు," అన్నాను.

ఆయన కేకలేయలేదు. "ఈ గంటలో రక్తం ఇచ్చినోళ్ళున్నారు. ఆళ్ళ రిజల్టులన్నీ పోతాయి. నీ తప్పు కనపడకుండా ఆళ్ళకి మళ్ళీ సూది పొడిచీమంటావేటి?"

స్నాప్‌షాట్‌ను విడిగా తెరిపించి, పేర్లు మాత్రమే అసలులోకి తెప్పించారు. ఆ గంటలో వచ్చినవాళ్ళ పేర్లు అందులో ఉండవు కదా. కౌంటరు నుంచి చీటీలు తెప్పించి ఒక్కొక్క పేరూ నా చేతే టైపు కొట్టించారు. "నువ్వే సెయ్యి. నేను సేస్తే నీ భయం పోదు." మూడు గంటలు పట్టింది. ఆస్పత్రి అంతా తెలిసిపోయింది. పైవాళ్ళకు రాసిన కాగితంలో నా పేరు దాచలేదు. పర్మినెంటు ఆరునెలలు వెనక్కి పోయింది. నెలరోజులు బస్సులో ఆయనతో మాట్లాడలేదు. ఆయన నాకు సీటు ఆపడం మాత్రం మానలేదు. ఆ రోజు నా మాట విని ఉంటే నేను ఈ పనికి పనికొచ్చేదాన్ని కాదు. ఈ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు, అదే బాధ.

ఆ రోజు చివరి చీటీ కె.కోటపాడు నుంచి వచ్చిన ఒక ముసలామెది. రిపోర్టు తీసుకుని సారే మేడమీదికి వెళ్ళారు, నన్నూ రమ్మన్నారు. ఆమె రక్తం ఇచ్చి, పొద్దుటి నుంచీ అక్కడి బెంచీ మీదే ఉంది.

"అయిపోనాదా బాబూ?"

"అయిపోనాదమ్మా. ఇంక ఎల్లొచ్చు."

ఏం జరిగిందో ఆమెకు తెలియదు. రిపోర్టు ఎడమచేత్తో అందుకుంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి, అందులో దూది ఇంకా నొక్కిపట్టుకునే ఉంది. ఆ చెయ్యి చాపకుండానే ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళిపోయింది.