రెండు దిక్కులా నూరిన కత్తులు

మా పాప పుట్టిన ఏడాది వానలు సరిగ్గా పడలేదు. బోథ్ దగ్గరి మా ఊళ్లో జొన్న చేలు నడుమెత్తు కూడా పెరగలేదు. ఏటా కొట్టం కప్పును మించి లేచే చొప్ప వామి ఆ ఏడు నా భుజాల దాకా వచ్చి ఆగింది. ఇంట్లో నాగలికి రెండు ఎడ్లు, పాలకు ఒక బర్రె. జూన్‌లో మిరుగం కార్తె వచ్చి పచ్చిగడ్డి మొలిచేదాకా ఆ మూడింటికీ ఆ వామే దిక్కు.

నాకు మూడో నెలలోనే పాలు తగ్గిపోయాయి. నీళ్లు కలిపి కాచిన బర్రె పాలతోనే పాప పెరుగుతోంది. ఊళ్లో పాలు అమ్మేవాళ్లు లేరు. ఆ కరువులో ఎవరి ఇంటి పాలు వాళ్ల పిల్లలకే చాలడం లేదు. అందుకని ఆ వామిని నేను చూసినంతగా మా మామ కూడా చూసి ఉండడు. పొద్దున లేవగానే ముందు పాప ఊపిరి చూసేదాన్ని, తర్వాత వామి ఎత్తు చూసేదాన్ని.

మాకున్న ధైర్యం చొప్ప కోసే మిషను. నా పెళ్లికి ఏడాది ముందు మామ దాన్ని ఆదిలాబాద్ నుంచి బండి మీద తెచ్చాడు. రొమ్ము ఎత్తున ఇనుప చక్రం, దాని ఆకులకు బిగించిన రెండు వంపు కత్తులు, చొప్పను లోపలికి లాగే పళ్ల రోలర్లు, చొప్ప పెట్టడానికి పొడుగాటి చెక్క తొట్టి. ఒకరు పెట్టాలి, ఒకరు తిప్పాలి. రోలర్ల నుంచి చొప్ప ఒక ఇనుప మూతిలోంచి బయటికి వస్తుంది. ఆ మూతిని ఒరుసుకుంటూ కత్తి తిరిగితే ముక్క తెగి పడుతుంది. చొప్పను కోయకుండా వేస్తే పశువులు ఆకు తిని కాడ వదిలేస్తాయి. అంగుళం ముక్కలు చేసి కాస్త ఉప్పునీళ్లు చల్లితే మొదళ్లు కూడా మిగల్చవు. సగం వామితో ఏడు గడవాలంటే అదొక్కటే దారి.

నేను బొగ్గుగని ఫిట్టరు కూతురిని. చర్చి హాస్టల్లో ఉండి చదువుకుని డిగ్రీ దాకా వచ్చాను. అత్తగారింటికి వచ్చిన కొత్తలో నాకు పాలు పిండటం రాదు, కలుపు తీయడం రాదు. మా ఆయన వేరే ఊళ్లో బడిపంతులు, శనివారం వచ్చి సోమవారం వెళ్లేవాడు. ఆ ఇంట్లో నాకు జంకు లేకుండా చేతనైన వస్తువు ఆ మిషను ఒక్కటే. పానా పట్టుకోవడం మా బాపు దగ్గర నేర్చుకున్నాను. "ఇనుము ఏడ రాసుకుంటదో ఆడ జూడు బిడ్డా, రోగం ఆడనే ఉంటది" అనేవాడు. పళ్ల చక్రాల సందుల్లో ఇరుక్కున్న పీచు తీయడం, ఇరుసుకు ఆముదం వేయడం, వదులైన బోల్టులు బిగించడం నా పని అయింది.

పాప పాకడం మొదలుపెట్టాక ఇంకో పనీ పెట్టుకున్నాను. కోత అవగానే చక్రాన్ని గుంజకు గొలుసుతో కట్టి, పిడి ఊడదీసి అటక మీద పెట్టేదాన్ని. అత్త నవ్వేది.

"ఎనిమిది నెలల పిల్ల గా చక్రం తిప్పుతదా? నాకే తిప్పితె దమ్మొస్తది."

నవ్వితే నవ్వనీ అని రోజూ కట్టేదాన్ని.

మా ఊళ్లో కోతలయ్యాక ఇంటి ఇనుమంతా ఒకేసారి కమ్మరి కొలిమికి పోతుంది. గొడ్డలి, కొడవళ్లు, నాగలి కర్రు అన్నీ ఒక గోనెలో వేసి పంపుతారు. ఆ ఏడు మామ అదే గోనెలో మిషను కత్తులు కూడా వేశాడు. కొన్నాక వాటికి అదే మొదటి సాన. తిరిగి వచ్చినప్పుడు అద్దాల్లా మెరుస్తున్నాయి. మామ మురిసిపోయి తానే బిగించాడు.

ఆ పూట చొప్ప తెగలేదు. మూతి దగ్గర మడత పడి, నలిగి, పీచులు పీచులుగా వేలాడింది. చక్రం బరువెక్కింది. రోలర్లకు పీచు చుట్టుకుంది. గంపలో పడిందాన్ని బర్రె వాసన చూసి మూతి తిప్పుకుంది.

కత్తి మూతికి దూరమైందనుకుని, వెనక బోల్టులు తిప్పి దగ్గరికి జరిపాను. ఎంత జరపాలో కొలిచి చూడలేదు. అత్త చక్రం తిప్పగానే ఖణేల్‌మని కొట్టుకుని ఆగిపోయింది. కత్తి వీపు తగిలి ఇనుప మూతి అంచున గోరంత గంటు పడింది.

"సదువుకున్న కోడలు ముట్టంగనే మిషన్ గూడ సదువులవడ్డది" అంది అత్త. "పని జేసుడు మర్షిపోయింది."

మామ వచ్చి గంటును వేలితో తడిమాడు.

"ఎవలు జరిపిండ్రు?"

"నేనే మామా" అన్నాను. అబద్ధం రాలేదు.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వామి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"గిట్లయితె ఇది మిరుగం దాకా రాదు. ఎడ్లు పోతె దున్నుడు బంద్. వచ్చే అంగడికి బర్రెను కొట్టుకపోయి అమ్ముత."

"మరి పిల్లకు?" అంది అత్త.

"జొన్నంబలి తాపుండ్రి. మన పిల్లలు ఏం తాగి పెరిగిండ్రు?" అన్నాడు గాని, పాప వైపు చూడలేదు.

అంగడికి ఇంకా ఆరు రోజులుంది. "గా అంగడి దాకా మిషన్‌ను నాకు ఇడిశిపెట్టుండ్రి మామా" అన్నాను. ఆయన లేచి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

మరునాడు కత్తులు ఊడదీశాను. పాత నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి మూతి అంచు మీద పెట్టి కత్తిని ఆనించి చూశాను. కాగితం తెగకుండా మడిచి లోపలికి పోయింది. వాకిట్లో చదునైన బండ మీద కత్తిని వెల్లకిలా, బోర్లా పెట్టి చూశాను. ఒక వైపు ఏటవాలుగా ఉండాలి, రెండో వైపు బండకు అతుక్కుపోవాలి. మా కత్తికి ఆ రెండో వైపు అంచు కింద నుంచి వెలుతురు కనిపిస్తోంది. కమ్మరి దాన్ని గొడ్డలిని నూరినట్టు రెండు దిక్కులా నూరాడు.

పాపను చంకనేసుకుని, కత్తులు గోనెలో చుట్టుకుని కొలిమికి పోయాను. ఆ కమ్మరికి డెబ్బై దాటి ఉంటాయి. ఊరంతా ఆయన్ని తాత అనేది.

"నూరుడు తప్పయిందా?" అన్నాడు. "నలభై ఏండ్ల సంది నూరుతున్న బిడ్డా. కంపెనోడు ఒక్కదిక్కే నూరి బద్ధకమై ఇడిశిపెట్టిండు. రెండోదిక్కు నేను జేసిన. దానికి కూలి గింజలు గూడ ఎక్వడగలే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన పని మీద మాట విసరడానికి నోరు రాలేదు. కొలిమి పక్కన గొర్రెల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెర ఒకటి సానకు వచ్చి ఉంది.

"తాతా, గా కత్తెరను ఎట్ల నూరుతవు?"

"పైదిక్కు."

"లోపలి దిక్కు?"

"లోపలి దిక్కు ముట్టద్దు. ముట్టితె రెండు ఆకులు కలువయ్. బొచ్చు తెగది, మడతవడ్తది."

ఆ మాట అని ఆగిపోయాడు. నా చేతిలోంచి కత్తి తీసుకుని కంటికి ఎదురుగా పట్టుకున్నాడు.

"గిది గూడ కత్తెరనా?"

"కత్తెరనే తాతా. ఒక ఆకు చక్రానికున్నది, ఇంకో ఆకు మూతికున్నది."

తాత కత్తి చదును వైపును బొటనవేలితో తడిమాడు. తర్వాత సాన మీద నీళ్లు పోశాడు. తప్పుగా పోయిన అంచు సరి కావాలంటే చదును వైపంతా అరగాలి. రెండు రోజులు పట్టింది. ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నూరడం, బండ మీద పెట్టి వెలుతురు చూడటం, మళ్లీ నూరడం. ఈలోపు ఇంట్లో నేను ఆకురాయితో మూతి మీది గంటు పోయేలా అంచంతా సమం చేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి. మూడో రోజు కత్తులు తానే తెచ్చి ఇచ్చాడు.

"కోడలుపిల్ల నాకు నేర్పిందని ఊరంత చెప్పకు" అన్నాడు.

"నేనెందుకు చెప్త తాతా?"

"నువ్వు చెప్పకు. నేనే చెప్త."

ఈసారి బోల్టును పావు చుట్టు తిప్పడం, కాగితం పెట్టి చూడటం, మళ్లీ పావు చుట్టు. మొదటి కత్తి మొన నుంచి మొదలు దాకా కాగితాన్ని చప్పుడు లేకుండా కోసింది. రెండో కత్తికి ఇంకో గంట పట్టింది. అత్త పిడి పట్టుకుంది, నేను తొట్టిలో చొప్ప పెట్టాను. పాప దూరంగా కొట్టం బయట ఊయలలో ఉంది. చక్రం తేలిగ్గా తిరిగింది. ముక్కలు పరపరమని గంపలో రాలాయి. అత్త ఒక గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూసుకుంది. పిడి మీద మళ్లీ చెయ్యి వేసింది.

అంగడి రోజు పొద్దున మామ తలగుడ్డ చుట్టుకుని కొట్టంలోకి పోయాడు. నేను పాపను ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. బర్రె తలుగు తాడు మీద చెయ్యి వేశాడు. మళ్లీ వంగి, అది తినే గోలెంలో చెయ్యి పెట్టి అడుగు దాకా తడిమాడు. ఒక్క కాడ లేదు.

"పదిహేను రోజులు జూద్దాం" అని ఒక్కడే అంగడికి పోయి మిరపకాయలు తెచ్చాడు.

ఆ పదిహేను రోజులు గడిచాయి, ఇంకో పదిహేను గడిచాయి. ఐదు రోజులకోసారి కత్తులకు పైదిక్కు మాత్రమే చిన్న సాన పెట్టేదాన్ని. ఇంకెవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. మామ కూడా పానా కావాలంటే నన్నే అడిగేవాడు. మిరుగం వచ్చింది గాని వాన రాలేదు. వామి నా మోకాళ్ల కిందికి దిగింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. కోతను ఇంకా సన్నం చేసి, ఒక్క పీచు కింద పడకుండా గోనెలు పరిచి కోశాను.

కార్తె దాటాక ఎనిమిదో రోజు వాన పడింది. మళ్లీ వారానికి గట్ల మీద గడ్డి పచ్చబడింది. బర్రెను బయటికి తోలుతూ మామ వామి ఉన్న చోట ఆగాడు. అడుగున ఇంకా మోపులున్నాయి.

"నాలుగు మోపులు మిగిలినయ్" అన్నాడు అత్తతో, నాకు వినబడేటట్టు.

"కోడలు కోసింది గనుక మిగిలినయ్" అంది అత్త. "నువ్వు కోస్తె బర్రె గూడ మిగిలేది గాదు."

మామ నవ్వుకుంటూ బర్రెను తోలుకుపోయాడు.